విరిగిన గేరు షాఫ్టుకి ఎన్ని వైద్యాలు

కొత్తపేట చుట్టుపక్కల నేలంతా గోదావరి పోసిన ఒండ్రు. వానాకాలంలో కాలవగట్టు మీద బండి ఆపి, సైడ్ స్టాండు వేసి, టీ తాగొచ్చేలోపు స్టాండు కాలు మట్టిలోకి దిగబడిపోతుంది. బండి ఎడమ పక్కకి ఒరిగి పడుతుంది. ఇప్పుడు తయారవుతున్న మోటార్ సైకిళ్ళకి సైడ్ స్టాండూ ఎడమ పక్కే, గేరు రాడ్డూ ఎడమ పక్కే. వంద కిలోలు దాటిన బరువు మీద పడుతున్నప్పుడు హేండిలు, ఫుట్‌రెస్టులతో పాటు నేలని గుద్దుకునేది ఆ రాడ్డే. రాడ్డు వంగితే అదృష్టం. వంగకపోతే ఆ దెబ్బ నేరుగా షాఫ్టు మీదికి పోతుంది.

ఆ రోజుకి ఏమీ తెలియదు. బండి లేపి, మట్టి తుడుచుకుని వెళ్ళిపోతారు. నెలలు గడిచాక ఎప్పుడో రెండో గేరు వేయబోతే కాలి కింద రాడ్డు ఊరికే తిరుగుతుంది.

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ సీమలో బండి ఆగితే పని ఆగినట్టే. రావులపాలెం యార్డుకి అరటి గెలలు, అంబాజీపేట కొట్లకి కొబ్బరి, డివిజన్ ఆఫీసు పని మీద కొత్తపేటకి రైతులు, అన్నీ రెండు చక్రాల మీదే నడుస్తాయి. అందుకే షాఫ్టు విరిగిన మనిషి మెకానిక్కుని మొదట అడిగేది "ఎందుకు విరిగింది?" అని కాదు, "సాయంత్రానికి అయిపోతుందా?" అని. ఆ తొందరలోంచే ఈ మరమ్మతు మీద మూడు రకాల అభిప్రాయాలు పుట్టాయి. అతుకు పెట్టి నడిపేద్దాం అనేవారు కొందరు. కొత్త షాఫ్టు తప్ప మరో మాట వద్దనేవారు మరికొందరు. లేతు మీద వేరే ముక్క చేయించుకుందాం అనేవారు ఇంకొందరు. ఎవరి అనుభవం వాళ్ళకి ఉంది, పూర్తిగా తప్పు ఎవరిదీ కాదు. అయితే ముగ్గురి మధ్యా ఒక ప్రశ్న ఎప్పుడూ నలిగిపోతుంది: షాఫ్టు ఎక్కడ విరిగింది? వెల్డింగు మంచిదా చెడ్డదా అన్న గొడవ దాని తరవాతిది.

షాఫ్టు చేసే పని చిన్నదే. ఎడమ పక్క రాడ్డు బిగించిన చోట మొదలై, ఇంజన్ని అడ్డంగా దాటి కుడి పక్క క్లచ్ వెనకాల తేలుతుంది. అక్కడ దానికి అతికించిన ఒక రేకు చెయ్యి ఉంటుంది. ఆ చేతి కొక్కెం గేరు డ్రమ్ము పిన్నులని పట్టి లాగితే డ్రమ్ము కొంత తిరుగుతుంది. డ్రమ్ము గాళ్ళలో నడిచే ఫోర్కులు గేర్లని అటూ ఇటూ జరుపుతాయి. కాలు తీయగానే ఒక స్ప్రింగు షాఫ్టుని మళ్ళీ మధ్యకి తెస్తుంది. తొక్కిన ప్రతిసారీ ఒక్క గేరే మారి రాడ్డు మొదటి చోటికి వచ్చే ఈ ఏర్పాటు 1920ల చివర్లో ఇంగ్లండులో వెలోసెట్ కంపెనీ ఇంజనీరు హెరాల్డ్ విల్లిస్ రేసు బళ్ళ కోసం తెచ్చింది. అంతకు ముందు చాలా బళ్ళలో పెట్రోలు ట్యాంకు పక్కన చేతి గేరు ఉండేది. చెయ్యి హేండిలు వదలకుండా గేరు మార్చే సదుపాయం వచ్చాక, ఆ బలమంతా మోసే పని ఈ షాఫ్టు మీద పడింది.

ఎడమ కాలికే గేరు ఉండాలన్నది కూడా మొదటినుంచీ ఉన్న నియమం కాదు. బ్రిటిష్ బళ్ళలో గేరు కుడికాలికి ఉండేది. 1974 సెప్టెంబరు నుంచి తయారయ్యే బళ్ళకి ఎడమకాలి గేరు తప్పనిసరి అని అమెరికా రూలు పెట్టడంతో, ట్రయంఫ్ లాంటి కంపెనీలు ఉన్న గేరుబాక్సులోంచి అడ్డంగా మరో షాఫ్టు తోసి గేరుని ఎడమ పక్కకి తెచ్చుకోవలసి వచ్చింది. మద్రాసులో తయారైన బుల్లెట్టు మాత్రం 2000 తరవాత కూడా కొన్నేళ్ళు కుడికాలి గేరుతోనే వచ్చింది. పాత బుల్లెట్టుకి గేరుబాక్సు ఇంజనుకి వేరుగా ఉంటుంది. గేరు మార్చే సరంజామా దాని బయటి కవరులోనే ఉంటుంది కాబట్టి ఇంజను జోలికి పోకుండానే బాగుచేసుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో పాత బండే నయం.

కాలితో తొక్కితే షాఫ్టు విరుగుతుందా? లెక్క వేస్తే విరగకూడదనే తేలుతుంది. గేరు వేయడానికి నిజానికి కొద్ది కిలోల బలం చాలు. కోపంగా 20 కిలోల బలంతో తొక్కాడనుకుందాం, రాడ్డు పొడవు 12 సెంటీమీటర్లు అనుకుందాం. షాఫ్టు మీద పడే మెలి 24 న్యూటన్ మీటర్ల దగ్గర. 12 మిల్లీమీటర్ల లావున్న ఉక్కు కడ్డీలో దానివల్ల పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 70 న్యూటన్లు. మామూలు మెత్తటి ఉక్కు కూడా దాన్ని తట్టుకుంటుంది. పైపొర గట్టిపరిచిన షాఫ్టుకి అది లెక్కలోకే రాదు.

మరి విరిగేది ఎందుకు? కారణాలు రెండు. పడినప్పుడు వచ్చే దెబ్బ మెలి తిప్పేది కాదు, వంచేది. రాడ్డు ఇంజను కవరుకి కొంత బయట ఉంటుంది గనక, పక్కనించి తగిలిన దెబ్బకి షాఫ్టు సీలు దగ్గర వంగుతుంది. రెండోది పళ్ళు కోసిన చోటు. రాడ్డు జారిపోకుండా షాఫ్టు కొసన సన్నటి పళ్ళు, కొన్నిటికి బోల్టు పట్టే ఒక గాడి కూడా ఉంటాయి. అక్కడ లావు తగ్గుతుంది. మెలి ఒత్తిడి వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది కాబట్టి 14 మిల్లీమీటర్ల కడ్డీ 12కి తగ్గితేనే ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దానికి పళ్ళ మూలల్లో పదునైన కోణాలు తోడు. ఒకసారి అక్కడ వెంట్రుకవాసి పగులు పుట్టిందంటే, ఆ తరవాత రోజూ వేసే గేర్లే దాన్ని పెంచుకుంటూ పోతాయి.

విరిగిన ముక్కని పారేయకుండా ఎండలో పట్టుకుని చూస్తే ఈ కథ కనిపిస్తుంది. విరిగిన ముఖంలో ఒక భాగం నున్నగా, నల్లబడి, తుప్పు లేదా నూనె మరకతో ఉంటే అది పాత పగులు. మిగిలిన భాగం గరుకుగా, కొత్తగా మెరుస్తూ ఉంటే ఆఖరి రోజు విరిగింది అంతవరకే. మొత్తం ఒకే తీరున మెరుస్తుంటే ఒక్క దెబ్బకి పోయిందన్నమాట. మొదటి రకమైతే కొత్త షాఫ్టు వేసినా సరే, దాన్ని అరగదీసిన కారణాన్ని వెతకాలి: వదులైన రాడ్డు, వంగిన రాడ్డు, సరిగా విడవని క్లచ్చు. క్లచ్చు పూర్తిగా విడవకపోతే గేరు మొరాయిస్తుంది, మనిషి ఇంకా గట్టిగా తొక్కుతాడు. షెడ్డులో షాఫ్టు మార్చి, క్లచ్ కేబులు సరిచేయకుండా పంపేస్తే ఆ బండి తిరిగి రావడం ఖాయం.

అసలు విరిగింది షాఫ్టేనా అన్నది ముందు తేల్చుకోవాలి. షాఫ్టు కొస మీదా రాడ్డు మీదా కలిపి సుద్దముక్కతో ఒక గీత గీసి గేరు వేయాలి. గీత రెండుగా విడిపోతే పళ్ళే అరిగాయి, షాఫ్టు బాగానే ఉండవచ్చు. రాడ్డూ షాఫ్టూ కలిసి తిరుగుతూ గేరు పడకపోతే తేడా లోపలుంది: చెయ్యికి షాఫ్టుతో ఉన్న అతుకు ఊడి ఉండాలి, లేదా షాఫ్టు మధ్యలో విరిగి ఉండాలి, లేదా కొక్కెం అరిగి ఉండాలి. తొక్కిన రాడ్డు తొక్కినట్టే కిందికి వేలాడితే స్ప్రింగు తెగింది, లేకపోతే స్ప్రింగుకి ఆనుకునే పిన్ను వదులైంది. ఆ పిన్నుని మళ్ళీ బిగిస్తే తీరిపోయే పనికి షాఫ్టు కొనిపించే దుకాణాలూ ఉన్నాయి. రాడ్డు అసలు కదలకపోతే డ్రమ్ము, ఫోర్కుల దాకా వెళ్ళాలి. అది వేరే ఖర్చు.

పళ్ళు అరిగిన కేసే అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది, అన్నిటికన్నా తేలికైనది కూడా. మొదట పోయేవి రాడ్డు పళ్ళు. రాడ్డుని షాఫ్టు కన్నా మెత్తటి లోహంతో చేయడం అందుకే. కొత్త రాడ్డు వేసి, బోల్టు సరిగా బిగిస్తే సగం బళ్ళు అక్కడితో బాగుపడతాయి. ఆ చిన్న 6 మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంతకు మించి బిగిస్తే మరలు పోతాయి, వదిలేస్తే పళ్ళు పోతాయి. షాఫ్టు పళ్ళు కూడా కొద్దిగా అరిగి ఉంటే రాడ్డు చీలికని హాక్సా బ్లేడుతో కొంచెం వెడల్పు చేస్తారు, అప్పుడు బోల్టు బిగించినకొద్దీ అది ఇంకా దగ్గరికి పట్టుకుంటుంది. కూల్‌డ్రింకు టిన్ను రేకు కత్తిరించి మధ్యలో చుట్టడం ఇల్లు చేరడానికి పనికొస్తుంది. దాన్ని మరమ్మతు అనుకుని ఏడాది తిరిగితే షాఫ్టు గుండ్రంగా నున్నబడుతుంది.

నున్నబడ్డాక మొదలవుతుంది అసలు తగువు. రాడ్డుని షాఫ్టుకి అక్కడికక్కడే, ఇంజను మీదే వెల్డింగు చేసేయడం మన షెడ్లలో మామూలు. పది నిమిషాల పని, చాలా తక్కువ ఖర్చు. సమర్థించేవాళ్ళు చెప్పే మాట నిజమే, ఆ అతుకు సాధారణంగా ఊడదు. ఊడకపోవడమే దానితో వచ్చిన చిక్కు. షాఫ్టు చుట్టూ ఉన్న నూనె సీలు రబ్బరు; నూరు, నూట ఇరవై డిగ్రీలు దాటితే గట్టిపడి చిట్లుతుంది. వారం తిరిగేసరికి గేరు రాడ్డు కిందనించి నూనె చుక్కలు కారతాయి. సీలు మార్చాలంటే రాడ్డు తీయాలి, అది రాదు. కొన్ని బళ్ళలో చైను స్ప్రాకెట్టు కవరు తీయాలన్నా, మ్యాగ్నెట్టు కవరు విప్పాలన్నా అదే రాడ్డు అడ్డం. చివరికి కట్టరుతో కోయాల్సిందే.

ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. వెల్డింగు ఎర్తు క్లిప్పుని సైలెన్సరుకో ఛాసిస్‌కో తగిలిస్తే కరెంటు ఇంజన్ లోపలి బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. బేరింగు గోళీల మీద చిన్న చిన్న మచ్చలు పడతాయి, కొన్ని నెలలకి అవి మోత మొదలుపెడతాయి. 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధన వచ్చాక బళ్ళు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో, కంప్యూటరు పెట్టెతో వస్తున్నాయి. బ్యాటరీ వైర్లు విప్పకుండా వాటి మీద వెల్డింగు పెట్టడమంటే కొన్ని వందల రూపాయల షాఫ్టు కోసం వేల రూపాయల పెట్టెని పణంగా పెట్టడం. పెట్రోలు ట్యాంకు ఎంత దూరంలో ఉందో చెప్పనక్కర్లేదు.

వెల్డింగు బదులు కొందరు రాడ్డుకీ షాఫ్టుకీ కలిపి అడ్డంగా రంధ్రం వేసి పిన్ను కొడతారు. 12 మిల్లీమీటర్ల షాఫ్టుకి 5 మిల్లీమీటర్ల రంధ్రం పడితే బలం బాగా తగ్గుతుందన్న మాట నిజం. అయినా ఇంజను మీద వెల్డింగు, రంధ్రం ఈ రెండే దారులైతే రంధ్రమే మేలు. కావాలంటే పిన్ను కొట్టి తీయవచ్చు, సీలు మార్చుకోవచ్చు, ఇంజన్లోకి వేడి పోదు. అమ్మేయడానికి సిద్ధంగా ఉన్న పాత బండికి అది చాలు.

ఇక షాఫ్టు బయటికి తీసే సంగతి. చాలామంది వెనకాడేది "ఇంజను దించాలి" అన్న మాటకి. గేరు అన్నాక ఫుల్ ఇంజన్ విప్పాల్సిందే అన్న భయం బాగా పాతుకుపోయింది. నిజానికి స్ప్లెండర్ లాంటి నూరు సీసీ బళ్ళలోనూ, ఇంకా చాలా కమ్యూటర్ బళ్ళలోనూ ఈ షాఫ్టు కుడి పక్కనించి బయటికొస్తుంది. నూనె దించాలి, కిక్కు రాడ్డు తీయాలి, క్లచ్ కవరు విప్పాలి, క్లచ్చు సెట్టు తీయాలి, ఎడమ పక్క రాడ్డూ సర్క్లిప్పు ఉంటే అదీ తీయాలి, అప్పుడు షాఫ్టుని మెల్లగా లాగాలి. ఇంజను ఫ్రేములోనే ఉంటుంది, రెండు చెక్కలుగా విప్పే పని ఉండదు. డ్రమ్ము, ఫోర్కులు పాడైతేనే ఆ పని. చేయి తిరిగిన మెకానిక్కుకి ఇది సగం రోజు పని. కొత్త ప్యాకింగు, కొత్త సీలు, కొత్త నూనె కలుపుకున్నా, రెండుసార్లు వెల్డింగు చేయించి చివరికి సీలు కోసం మళ్ళీ వస్తే అయ్యేదాని కన్నా తక్కువే అవుతుంది. ఇంత తేలిక పనిని ఇంత మంది ఎందుకు తప్పించుకుంటారంటే, క్లచ్చు సెంటరు నట్టు విప్పే ప్రత్యేక సాకెట్టు ప్రతి షెడ్డులోనూ ఉండదు. ఉలి పెట్టి కొట్టి విప్పడం అలవాటైన చోట ఆ నట్టు గాళ్ళు ముందే చితికి ఉంటాయి.

బయటికి తీసిన షాఫ్టుకి అతుకు వేయడం మాత్రం గౌరవమైన పనే, పద్ధతిగా చేస్తే. ఈ షాఫ్టుల పైపొర గట్టిది, లోపలి గుండె మెత్తనిది. అలాంటి ఉక్కుని ఒక్కసారిగా కాల్చి గాలికి వదిలేస్తే వెల్డు పక్కనే ఒక పెళుసు పట్టీ ఏర్పడుతుంది. అతికిన చోటు నిలబడుతుంది, దాని పక్కన ఠపీమని విరుగుతుంది. "వెల్డింగు ఊడలేదండీ, పక్కనే విరిగింది" అని మెకానిక్కులు గర్వంగా చెప్పేది ఈ వైఫల్యం గురించే. పద్ధతైనది ఇలా ఉంటుంది. విరిగిన రెండు కొసలకీ గ్రైండరుతో వాలు కోయాలి, గట్టి పైపొర అక్కడ పూర్తిగా పోవాలి. నూనె మరక లేకుండా తుడవాలి. వంకర రాకుండా వి-బ్లాకులో పడుకోబెట్టి, ముందే కొలిచి పెట్టుకున్న పొడవు చూసి రెండు చుక్కలు పెట్టాలి. 200 నుంచి 250 డిగ్రీల దాకా వేడి చేయాలి. తేమ తగలని లో-హైడ్రోజన్ రాడ్డుతో, అంటే 7018 రకంతో, ఒక పక్క కొంచెం, ఎదురు పక్క కొంచెం వేస్తూ నింపాలి. అది ఏ ఉక్కో తెలియనప్పుడు 312 రకం స్టెయిన్‌లెస్ రాడ్డు వాడేవాళ్ళూ ఉన్నారు, పగులుని బాగా ఓర్చుకుంటుంది. ఆ తరవాత పొడి బూడిదలోనో సున్నంలోనో కప్పి రాత్రంతా వదిలేయాలి. నీళ్ళలో ముంచి "చల్లారింది" అనిపించుకుంటే పడిన కష్టమంతా వృథా. చివరగా లేతు మీద నిజమైన లావుకి తెచ్చి, సీలు కూర్చునే చోట నున్నగా పాలిషు పట్టాలి. అతుకు సీలు కిందికి గాని బుష్షు కిందికి గాని వస్తుంటే ఈ ప్రయత్నం మానుకుని కొత్తది తెచ్చుకోవడమే.

కోనసీమ గాలికి 7018 రాడ్డు పెట్టె తెరిచి ఉంచితే రెండు మూడు గంటల్లోనే తేమ పీలుస్తుంది. ఓవెన్లో ఎండబెట్టకుండా వాడితే దాని గొప్పతనమంతా పోతుంది. ఈ ఒక్క జాగ్రత్త తీసుకునే వెల్డరు దగ్గరికి నాలుగు ఊళ్ళు దాటి అయినా వెళ్ళవచ్చు.

కొత్త షాఫ్టే వేద్దామనుకున్నవాళ్ళకి మరో బెడద డూప్లికేటు. రంగు, పెట్టె అచ్చం అలాగే ఉంటాయి, పైపొర మాత్రం గట్టిపరిచి ఉండదు. కొనేముందు చిన్న ఆకురాయిని షాఫ్టు కొస ముఖం మీద, పళ్ళ మీద కాదు, ఒకసారి లాగి చూస్తే తెలుస్తుంది. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది. మెత్తటిదైతే పట్టి గీత పెడుతుంది. కొట్టువాడు ఒప్పుకోడనే భయం ఉంటే రాజమహేంద్రవరంలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో నమ్మకమైన చోట కంపెనీ సామాను తెప్పించుకోవడం మేలు. బండి రెండు రోజులు ఆగుతుంది, ఆగనివ్వాలి.

ఇక్కడివాళ్ళకి మాత్రమే తెలిసిన కేసు ఒకటుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా మునిగిన బండిని ఆరబెట్టి స్టార్టు చేసి నడిపేస్తే, లోపల నూనె పాలు కలిపిన కాఫీలా మారి ఉంటుంది. నాలుగు స్ట్రోకుల బళ్ళలో చాలావాటికి ఇంజనుకీ గేరుకీ ఒకటే నూనె. అందులో నీళ్ళు కలిస్తే షాఫ్టుకీ స్ప్రింగుకీ తుప్పు పట్టి గుంటలు పడతాయి, ఆ గుంటల్లోంచే పగుళ్ళు మొదలవుతాయి. ఇలాంటి బండిలో విరిగిన షాఫ్టుకి అతుకు పెట్టడం పనికిరాదు. నూనె రెండు సార్లు మార్చి, స్ప్రింగూ షాఫ్టూ కలిపి మార్చాలి. పక్కనే ఉన్న డ్రమ్ముకి తుప్పు మచ్చలున్నాయో లేదో టార్చి వేసి చూడాలి.

సామాను దొరకని బళ్ళ సంగతి పూర్తిగా వేరు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆనాటి యెజ్డీలకి గేరు రాడ్డే కిక్కు రాడ్డు కూడా. దాన్ని పైకి తిప్పి తొక్కితే బండి స్టార్టవుతుంది. ఒకే రాడ్డు రెండు పనులు చేస్తున్నప్పుడు దాని మీద పడే బలం ఏ పాటిదో ఊహించుకోవచ్చు. రాజ్‌దూత్‌లకీ, 1985లో వచ్చి పదేళ్ళు పైగా దేశాన్ని ఊపిన ఆర్‌ఎక్స్ 100లకీ కూడా ఇప్పుడు అసలు సామాను వెతుక్కోవాలి. వీటికి లేతు మీద కొత్త షాఫ్టు చేయించడమే దారి. ఈఎన్8 ఉక్కు సులభంగా దొరుకుతుంది, సులభంగా తెగుతుంది, కానీ పళ్ళు త్వరగా అరుగుతాయి. ఈఎన్24 ఖరీదెక్కువ, కోయడం కష్టం, నిలబడుతుంది. పళ్ళు కోసి, వేడి చికిత్స చేయించకుండా వేసేస్తే ఏ ఉక్కయినా ఒకటే. పాత షాఫ్టు కొస ఒక్కటే పోయిన చోట, దాన్ని తొలిచి కొత్త ముక్క బిగించి, కొద్దిగా వెల్డింగు తగిలించే పద్ధతి కూడా పాత లేతు మేస్త్రీలు వాడతారు. తొలిచిన భాగంలో గోడ పలచబడకుండా చూసుకుంటే అది మంచి పనే.

కొబ్బరి మోసే టీవీఎస్ ఎక్స్ఎల్‌కి గేర్లే లేవు గనక ఈ తంటా ఒక్కటీ దానికి తెలియదు. దాని మీద చెయ్యి వేసి నవ్వే రైతులకి నవ్వే హక్కుంది.

షాఫ్టు వేశాక అందరూ మరిచిపోయేది రాడ్డు సంగతి. వంగిన రాడ్డుని సుత్తితో సరిచేసి, మళ్ళీ వంగకుండా పక్కన ఇనుప పట్టీ వెల్డింగు చేయించడం మన దగ్గర బాగా కనిపిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు ముందు వంగవలసింది రాడ్డు. దాన్ని వంగకుండా చేస్తే వంగేది షాఫ్టు. మడమతో తొక్కే వెనక చెయ్యి మీద కూడా వాదన ఉంది. బూట్లు చెప్పులు పాడవకుండా అది సుఖమే, కానీ మడమ కింద ఒంటి బరువు దిగుతుంది, కాలి వేళ్ళతో ఎత్తినప్పుడు దిగదు. బరువులు మోసే బండికి వెనక చెయ్యి తీసేయాలని కొందరు మెకానిక్కులు గట్టిగా చెబుతారు. స్ప్లెండర్ లాంటి అన్నీ కిందికి తొక్కే గేర్లున్న బండికి అది తీసేస్తే గేరు తగ్గించడానికి వేళ్ళతో రాడ్డు ఎత్తాల్సి వస్తుంది. చెప్పులేసుకుని పొలం వెళ్ళేవాడికి అది కుదిరే పని కాదు. కాబట్టి వెనక చెయ్యి ఉంచుకుని, బోల్టు నెలకోసారి చూసుకుని, క్లచ్ కేబులుకి కొంచెం ఆట వదిలి నడపడమే ప్రస్తుతానికి ఒప్పుకోదగ్గ రాజీ.